కుంగ్ పంతులుగారి మధ్యాహ్నాలు



క్రైస్తవ మిషనరీలైన తల్లిదండ్రుల వెంట దేశదేశాలు తిరిగి పెరిగినవారు, పెద్దయిన తరువాత వ్రాసుకున్న బాల్యస్మృతులు ఇంగ్లీషులో చాలా ఉన్నవి. వాటిని వెదకి చదవడం నాకు ఏనాటి నుండో అలవాటు. తమిళనాడులో, హోసూరు ప్రాంతంలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి వాటితో ఏమి పని అని మీరు అడుగవచ్చును. ఇంటిలో ఒక భాష, వీధిలో ఇంకొక భాష, బడిలో మరొకటి, వీటి నడుమ పెరిగే బిడ్డ లోపల ఏమి జరుగుతుందో ఓపికగా అక్షరాలలో పెట్టినవారు వారే. మన పిల్లలదీ అదే బ్రతుకు. కాని మన పిల్లలు దానిని వ్రాయరు. వ్రాయగలిగేటట్లు వారికి తెలుగు నేర్పుతున్నామా అన్నదే నా ప్రశ్న.

ఆ స్మృతులలో నేను పదేపదే తెరిచేది పెర్ల్ బక్ 1954లో ప్రచురించిన ‘మై సెవరల్ వరల్డ్స్’. 1938లో నోబెల్ బహుమతి పొందిన ఆ రచయిత్రి నవల ‘ది గుడ్ ఎర్త్’ మీలో చాలామందికి పరిచితమే. ఆమె 1892లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టింది. తల్లిదండ్రులు చైనాలో పనిచేసే ప్రెస్బిటీరియన్ మిషనరీలు. సెలవు మీద స్వదేశం వచ్చినప్పుడు కలిగిన బిడ్డ. నెలల పిల్లగా ఉండగానే ఓడ మీద చైనా చేరింది. యాంగ్‌ట్సీ నది ఒడ్డున ఉన్న జెన్‌జియాంగ్ పట్టణంలో పెరిగింది. 1900లో విదేశీయుల మీద బాక్సర్ల తిరుగుబాటు చెలరేగినప్పుడు తల్లితోపాటు షాంఘైకి తరలిపోయింది. తండ్రి మాత్రం ఊరు కదలలేదు. మరుసటి ఏడు అమెరికా ప్రయాణం, మళ్ళీ చైనా. 1910లో కాలేజీ చదువుకు వెళ్ళినప్పుడు రైలులో రష్యా మీదుగా యూరప్ చేరి, అక్కడి నుండి అమెరికా పోయింది. పద్దెనిమిదేళ్ళకే భూగోళం చుట్టిన పిల్ల అన్నమాట.

ఈ ప్రయాణాల కథనం బాగుంటుంది గాని, నన్ను ఆపినది అది కాదు, ఆ ఇంటి దినచర్య. ఉదయం పూట తల్లి కూర్చోబెట్టి ఇంగ్లీషు చదువు చెప్పేది. ఏదో ఒకటి వ్రాయించేది, దిద్దేది. ఆ వ్రాతలలో కొన్ని షాంఘైలో వెలువడే ఒక ఇంగ్లీషు పత్రికలో, పిల్లల పుటలో అచ్చయినవి కూడా. మధ్యాహ్నం కుంగ్ అనే చైనా పండితుడు వచ్చేవాడు. కన్‌ఫ్యూషియస్ బోధలు చదివించేవాడు, అక్షరాలు దిద్దించేవాడు, చైనా చరిత్రను చైనావారి వైపు నుండి చెప్పేవాడు. తెల్లవారి మీద తనవారికి ఆగ్రహం ఎందుకో ఆ తెల్లపిల్లకు విప్పి చెప్పినవాడు ఆయనే.

(తండ్రి సంగతి వేరు. ఆయన గొప్ప పట్టుదల గలవాడు. గ్రీకు నుండి బైబిలు కొత్త నిబంధనను చైనా భాషలోకి అనువదిస్తూ, ఇంటి ఖర్చుకు కావలసిన డబ్బు కూడా అచ్చుకు పోసేవాడట. ఏడుగురు పిల్లలలో నలుగురు పసితనంలోనే చనిపోయినారు. ఆ తండ్రిని మెచ్చుకోవడానికి నాకు మనస్సు రాదు. బిడ్డలకు అక్షరం చెప్పినది తల్లి. మన ఇళ్ళలోనూ అంతే గదా!)

ఒక సంగతి గమనించండి. కుంగ్ పంతులుగారు రాకముందే పెర్ల్‌కు చైనా భాష వచ్చును. వాంగ్ అనే దాది ఒడిలో, ఇరుగుపొరుగు పిల్లల ఆటలలో ఆమెకు ఆ మాటలు అబ్బినవి. గడగడా మాట్లాడే పిల్లకు మళ్ళీ పంతులెందుకు? మన పేటలలో అయితే ‘వచ్చిన భాషకు ట్యూషనా?’ అని నవ్వేవారు. ఆ ఇంటివారు నవ్వలేదు. నోటికి వచ్చిన భాష వేరు, చేతికి వచ్చిన భాష వేరు అని వారు గుర్తించినారు. చేతికి వచ్చినందువల్లనే ఆమె తరువాత ‘షుయ్ హు జువాన్’ అనే పెద్ద చైనా నవలను ఇంగ్లీషులోకి అనువదించి 1933లో వెలువరించగలిగింది. తన నవలలోని కథ ముందు చైనా భాషలోనే మనస్సులో రూపు కట్టేదనీ, దానిని ఇంగ్లీషులోకి మార్చుకొంటూ వ్రాసేదాననీ ఆమె చెప్పుకొన్నది. దాది ఒడి ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేది కాదు.

నోటితోనే ఆగిపోయిన భాష ఏమవుతుందో చూడాలంటే చైనా దాకా పోనక్కరలేదు. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, రాజమండ్రి ప్రాంతాలలో అమెరికన్ మిషనరీల కుటుంబాలు తరాల తరబడి నివసించినవి. నెల్లూరులో బాప్టిస్టుల మిషను 1840లోనే మొదలైనది. ఆ ఇళ్ళ పిల్లలు ఆయాల దగ్గర, వంటవారి దగ్గర తెలుగు పట్టుకొన్నవారే. బడియీడు రాగానే చాలామందిని కొండల మీది బోర్డింగు బళ్ళకు పంపేవారు. మిషనరీల పిల్లల కోసం 1901లో కొడైకెనాల్‌లో తెరిచిన బడి అటువంటిదే. అక్కడి చదువు ఇంగ్లీషులో, రేపు అమెరికా కాలేజీలో చేరడానికి తగినట్లుగా సాగేది. తెలుగు సెలవులకు ఇంటికి వచ్చినప్పటి భాష అయిపోయింది. అందరికీ పోయినదని అనను. మిషనరీల బిడ్డగా తెలుగు ప్రాంతంలో పెరిగి, గుంటూరు జిల్లా చరిత్ర మీద 1965లో గ్రంథం వెలువరించిన రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ వంటివారు ఉన్నారు. కాని ఎక్కువమందికి మిగిలేది నాలుగు పిలుపులు, రెండు వంటకాల పేర్లు.

మన బ్రౌన్ దొరను కూడా ఇక్కడ తలచుకోవాలి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టినాడు. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కంపెనీ కొలువులో మతాచార్యుడు, మిషనరీ కార్యంలో మునిగిన మనిషి. కొడుకుకు చిన్నతనంలోనే పలు భాషలు చెప్పించినాడు. అయితే ఆ బాల్యంలో తెలుగు లేదు! ఆ పిల్లవాడు తండ్రి మరణానంతరం ఇంగ్లండు వెళ్ళి, 1817లో మద్రాసుకు ఉద్యోగిగా తిరిగి వచ్చి, అప్పుడు మొదలుపెట్టినాడు మన భాష. కడపలో తన బంగళాలో పండితులను పెట్టుకొని, సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు సేకరించి నకళ్ళు వ్రాయించినాడు. 1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు. అన్య భాషను అక్షరంతో మొదలుపెట్టి నేర్చుకొనే అలవాటు ఉన్న ఇంటి నుండి వచ్చినవాడు గనుకనే పెద్దయిన తరువాత కూడా ఆ పని చేయగలిగినాడని నా నమ్మకం.

ఇక మన సంగతి. ఇటువంటి పిల్లలకు రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ‘మూడవ సంస్కృతి పిల్లలు’ అని పేరు పెట్టింది. 1950లలో మన దేశంలో నివసిస్తున్న అమెరికన్ కుటుంబాలను పరిశీలించినప్పుడు పుట్టిన మాట అది. పేరు మనకు సరిగ్గా అతకదు. వారు ఓడలెక్కి తిరిగినారు. మనము ఎక్కడికీ పోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో తక్కిన భాషారాష్ట్రాలు ఏర్పడినప్పుడు గీతలే మన పొలాల పక్కగా వచ్చి నిలిచినవి.

మరొక తేడా ఇంకా పెద్దది. పెర్ల్ బక్ ఇంటి భాష ఇంగ్లీషు. దాని వెనుక యుద్ధనౌకలు ఉన్నవి, బ్యాంకులు ఉన్నవి, విశ్వవిద్యాలయాలు ఉన్నవి. 1927లో నాన్‌జింగ్‌లో అల్లర్లు జరిగి, ఒక పేద చైనా స్త్రీ గుడిసెలో ఆమె కుటుంబం దాగవలసి వచ్చినప్పుడు, బయటికి తీసుకుపోవడానికి నౌకలు వచ్చినవి. ఆ భాష ఎక్కడికీ పోదు. మన ఇంటి తెలుగుకు ఈ సరిహద్దు ఇవతల అటువంటి అండ లేదు. కాబట్టి మిషనరీ బిడ్డల కథలో మన తెలుగుతో పోల్చవలసినది వారి ఇంగ్లీషును కాదు. ఆయా ఒడిలో నేర్చిన ఆ రెండవ భాషతోనే పోల్చాలి. ఎవరైనా పూనుకొని అక్షరం నేర్పితే నిలిచినది, నేర్పకపోతే పోయినది అదే.

‘ఇంటిలో మాట్లాడుకొంటూనే ఉన్నాము గదా, బడిలో కూడా తెలుగెందుకు?’ అని అడిగే తల్లిదండ్రులతో నా పేచీ ఇక్కడనే. వారు తెలుగు మీద ప్రేమ లేనివారు కారు. పండుగకు, పెళ్ళికి, చావుకు తెలుగే వారిది. కాని పెళ్ళిపత్రిక అచ్చు వేయించేటప్పుడు తెలుగు లిపి అడగరు. చదివే చుట్టాలు ఉండరని. కొన్నేళ్ళ క్రితం ఒక యువకుడు ఇంజనీరింగు చదివి, మంచి ఉద్యోగంలో ఉన్నవాడు, ఒక రేకుపెట్టె పట్టుకొని నా దగ్గరికి వచ్చినాడు. అందులో తన ముత్తాత కాగితాలు: అప్పుపత్రాలు, పొలం పంపకాల చిట్టా, కూతురి అత్తవారింటికి వ్రాసి పంపకుండా ఆపుకొన్న రెండు ఉత్తరాలు. అన్నీ తెలుగు వ్రాతలో ఉన్నవి. ఆ యువకుడు నాతో మాట్లాడినది చక్కని తెలుగు, మా ప్రాంతపు యాసతో, వినడానికి ఇంపుగా. చదివి పెట్టమని అడిగినాడు. చదివినాను. కూతురిని పుట్టింటికి పంపమని బ్రతిమాలుతూ ఒక ముసలాయన వ్రాసుకొన్న మాటలను, ఆయన వంశాంకురానికి పరాయిదాన్నైన నేను చదివి వినిపించవలసి వచ్చింది. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ‘అమ్మా, ఈ గుండ్రని వ్రాత నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?’ అన్నాడు.

మూడు భాషలు పిల్లలకు బరువన్న వాదానికి ఎక్కువ చోటు ఇవ్వను. మన తాతలు తెలుగు, తమిళం, కన్నడం సంతలో ఒకే నోట పలికినవారు. తమిళనాడులో 2006లో చేసిన చట్టంతో తమిళం ఒకటవ తరగతి నుండి దశలవారీగా నిర్బంధ పాఠ్యాంశం అయినది. ఈ నేల మీద బ్రతికే బిడ్డ తమిళం బాగా, చాలా బాగా నేర్చుకోవలసిందే. నా విద్యార్థులకు నేను మొదట చెప్పే మాట అదే. ఇక ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన అందించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుండి చెబుతున్నది. కాని ఆ అధికరణం పలక పట్టి మీ వాకిట కూర్చోదు. పిల్లల పేర్లు తెలుగుకు వ్రాయించవలసినది మీరు.

ఉపాధ్యాయ మిత్రులతో కూడా ఒక మాట. కుంగ్ పంతులు అక్షరాలు దిద్దించడంతో ఆగలేదన్నాను. ఆ పిల్ల నివసించే ఊరిని, ఆ ఊరి కోపాన్ని, ఆ ఊరి గతాన్ని ఆ అక్షరాలలో పెట్టి ఇచ్చినాడు. మన తెలుగు పాఠం మార్కుల కోసం బట్టీ పట్టే పద్యానికీ, ప్రతిపదార్థానికీ కుదించుకుపోతే, హోసూరు పిల్లకు తన ఊరు తెలుగులో ఎక్కడ కనబడుతుంది? మీ తరగతిలో ప్రతి బిడ్డ చేతా తన ఇంటి ముసలివారి మాట ఒకటి వ్రాయించండి. యాస దిద్దకండి. వ్రాత దిద్దండి.

పెర్ల్ బక్ 1934లో చైనాను విడిచి వచ్చింది. 1972లో మళ్ళీ చూడాలని అనుమతి కోరితే అక్కడి ప్రభుత్వం నిరాకరించింది. మరుసటి ఏడు మార్చిలో మరణించింది. పెన్సిల్వేనియాలో తన పొలంలో ఉన్న ఆమె సమాధి రాతి మీద ఇంగ్లీషులో పేరు లేదు. చైనా అక్షరాలలో ఉన్నది.

ఆ యువకుడి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. తెలుగు మాట్లాడే మనిషికి లిపి చదవడం రావాలంటే రోజుకు ఒక అరగంట చొప్పున మూడు నెలలు చాలును. పిల్లలకు ఇంకొంచెం ఓపిక పట్టాలి. గుణింతాల దగ్గర విసుగు పుడుతుంది, వత్తుల దగ్గర కోపం వస్తుంది, అవి దాటితే దారి సులువు. ఇంటిలో చదవగలిగే పెద్దలు ఎవరైనా మిగిలి ఉంటే ఆ అరగంట వారికి అప్పగించండి. లేకపోతే బడి విడిచిన తరువాత మా తరగతి గది తెరిచే ఉంటుంది. పలక, బలపం, రేకుపెట్టెలో ఏవైనా పాత కాగితాలు ఉంటే అవి కూడా తీసుకొని రండి.