పరుగునకు యంత్రము కావలయునా?

పరుగుపందెములయందు ఆసక్తిగల మన బాలబాలికలలో ఇప్పుడొక క్రొత్త దిగులు పుట్టినది. దూరమును, వేగమును, నాడిని గూడ లెక్కకట్టు చేతిగడియారము లేనివాడు సరిగా సాధన చేయజాలడని వారు తలచుచున్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణముల పిల్లల మణికట్టున దానిని జూచి, కొల్లేటి లంకగ్రామముల పిల్లవాడు తాను వెనుకబడితినని క్రుంగుచున్నాడు. అట్టి గడియారము కొనవలయునా యని తల్లిదండ్రులును మమ్ము అడుగుచున్నారు. కొననక్కఱలేదని మా అభిప్రాయము.

కొలత అనవసరమని మేము చెప్పుట లేదు. ఫిన్లండు దేశీయుడగు పావో నూర్మి స్టాప్‌వాచి చేతబట్టి పరుగెత్తుచు వేగమును సరిచూచుకొనెడివాడు. 1924లో పారిసు ఒలింపిక్సునందు ఆతడు ఐదు స్వర్ణపతకములు గెలిచెను. మన విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి కథయు గమనింపదగినది. 2022 ఏప్రిలులో కేరళమందు జరిగిన ఫెడరేషన్ కప్పు పోటీలలో ఆమె 100 మీటర్ల హర్డిల్సు పరుగును 13.09 సెకండ్లలో ముగించెను. కాని వెనుకగాలి సెకండునకు 2.1 మీటర్లుండెను, హద్దు 2.0 మీటర్లే యగుటచే అది రికార్డు కాలేదు. మఱుసటి నెలలోనే సైప్రసునందు 13.23 సెకండ్లతో ఆమె జాతీయ రికార్డు నెలకొల్పెను. యంత్రము పందెమునకు సాక్షి. కాళ్లకు బలమిచ్చునది సాధనయే.

ఆ సాక్షియు అన్నివేళల నమ్మదగినది కాదు. చేతిగడియారము చర్మముపై వెలుతురు ప్రసరింపజేసి, రక్తప్రవాహమును బట్టి నాడిని లెక్కించును. పట్టీ వదులైనను, చేయి మిక్కిలి ఊగినను లెక్క తప్పవచ్చును. 220 నుండి వయస్సును తీసివేసి నాడికి హద్దు కట్టు సూత్రము సగటు లెక్కయే కాని, ప్రతి పిల్లవానికిని సరిపోవునది కాదు. మే నెల ఉక్కలో కొల్లేటి గట్టున పరుగెత్తు బాలుడు, జనవరి ఉదయమున సాధించిన వేగమునే అంకెలలో వెదకుచు పోయినచో వడదెబ్బకు గురికావచ్చును.

పాఠశాలకొక స్టాప్‌వాచి, విద్యార్థికొక నోటుపుస్తకము చాలును. తేదీ, దూరము, కాలము, రాత్రి నిద్ర, కాళ్ల నొప్పి అందు వ్రాసికొనవలెను. ప్రక్కవానితో మాటలాడుచు పరుగెత్తగలిగినచో అది సులువైన పరుగు. మాట తెగిపోవుచున్నచో వేగము హెచ్చినది. వైద్యుడు నాడిని గమనింపుమని చెప్పినవారికిని, శిక్షకుని యొద్ద జాతీయపోటీలకు సిద్ధపడువారికిని యంత్రము ఉపయోగించును. తక్కినవారి తల్లిదండ్రులు దానికై అప్పుచేయవలదు. ఆ సొమ్ముతో పాదములకు సరిపడు బూట్లును, గ్రుడ్లును, వేరుసెనగలును కొనుట మేలు.

విద్యార్థులారా! పరుగు ముగిసిన వెంటనే, స్టాప్‌వాచిని చూడకమునుపే, ఎంత కాలము పట్టినదో మీరే ఊహించి చెప్పుడు. పిమ్మట దానిని చూడుడు. దినదినము మీ ఊహయు, కొలతయు దగ్గఱపడుచున్నచో మీ దేహమును మీరు తెలిసికొనుచున్నారని ఎఱుగుడు. ఈ విద్య సంపన్నుల పిల్లలకెంత సులభమో, కూలివాని పిల్లలకును అంతే సులభము.