చైత్ర వైశాఖాలలో సైకిలు పందేలు: ఇది సాహసం కాదు, అవివేకం

మన నగరాలలో ఔత్సాహిక సైకిలు జట్లు పెరగడం సంతోషించదగిన పరిణామం. మధుమేహం, అధిక రక్తపోటు, స్థూలకాయం ఇంటింటా తిష్ఠ వేసిన ఈ కాలంలో తెల్లవారకముందే లేచి యాభై కిలోమీటర్లు తొక్కి వచ్చే యువకులను, నడివయస్కులను చూస్తే ఏ వైద్యునికైనా ఆనందమే. అందుచేత ఈ వ్యాసం సైకిలుకు వ్యతిరేకం కాదని ముందే మనవి చేస్తున్నాను. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఉగాది వెళ్లిన తరువాత, చైత్ర వైశాఖ మాసాలలో, తెలుగు నేల మీద సైకిలు పందేలు పెట్టరాదు. పోటీ వేగంతో సాగే సుదీర్ఘ సామూహిక సవారీలూ తగవు. ఎండలో పందెం పెట్టి దానికి వసంతకాలపు సీజను అని పేరు పెట్టినంత మాత్రాన ఎండ చల్లబడదు.

ఈ వసంతకాలపు సీజను ఎక్కడిదో మొదట చూద్దాం. ఐరోపాలో సైకిలు పందేల సంవత్సరం మార్చి నెలలో ఊపందుకుంటుంది. ఇటలీలోని మిలాన్–సాన్ రెమో పందేన్ని అక్కడివారు 'వసంతం' అనే అర్థమిచ్చే 'లా ప్రిమవేరా' అన్న ముద్దుపేరుతో పిలుచుకుంటారు. ఏప్రిల్‌లో బెల్జియంలో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, ఫ్రాన్స్‌లో పారిస్–రూబే, నెలాఖరున మళ్లీ బెల్జియంలోనే లీజ్–బాస్టోన్–లీజ్ జరుగుతాయి. ఫ్లాండర్స్‌లో వృత్తి పందెగాళ్లు తొక్కడానికి ముందురోజు అవే దారులలో వేలాది ఔత్సాహికులు కూడా తొక్కుతారు. మంచు, చీకటి, చలిగాలి తగ్గి రోడ్లు ఆరిన తరువాత అక్కడ ఆ సీజను మొదలవుతుంది. ఏప్రిల్‌లో బెల్జియం మధ్యాహ్నం మన పుష్యమాసపు తెల్లవారుజాము కంటే చల్లగా ఉంటుంది. వారి పంచాంగం వారి వాతావరణం నుండి పుట్టింది.

మన పంచాంగం ప్రకారమూ చైత్ర వైశాఖాలు వసంత ఋతువే. పేరు కలిసింది గాని సూర్యుడు కలవలేదు. హైదరాబాదులో ఏప్రిల్ నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 38 డిగ్రీలకు చేరువగా ఉంటుంది. మే నెలలో అంతకు మించుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పిన పెద్దలు అతిశయోక్తి కోసం ఆ మాట అనలేదు. 2015 మే నెలలో దేశాన్ని కమ్మిన వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా మరణించారు. ఆ మృతులలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. దీన్ని మరచి ఫ్లాండర్స్ క్యాలెండరును గోడకు తగిలించుకోవడం అనుకరణ తప్ప క్రీడాస్ఫూర్తి అనిపించుకోదు.

శరీరంలో జరిగేదేమిటో లెక్కగా చెబుతాను. కండరం తాను ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతునో ఐదో వంతునో మాత్రమే పెడలుకు అందించగలదు. మిగిలినదంతా వేడి. ఒక ఔత్సాహికుడు పందెంలో 200 వాట్ల శక్తితో తొక్కుతున్నాడంటే అతని ఒంట్లో అదే సమయంలో 600 నుండి 800 వాట్ల వేడి పుడుతున్నది. ఇది ఇంట్లో ఇస్త్రీ పెట్టె వెలువరించే వేడితో దాదాపు సమానం. 70 కిలోల మనిషిలో ఆ వేడి బయటికి పోకుండా నిలిచిపోతే సుమారు ఆరేడు నిమిషాలకొక డిగ్రీ చొప్పున శరీర ఉష్ణోగ్రత పెరుగుతుంది. అలా పెరగకుండా మనల్ని కాపాడుతున్నది చెమట. అయితే చెమట కారితే చాలదు, ఆరాలి. చర్మం మీద ఆవిరైన చెమటే వేడిని తీసుకుపోతుంది. గడ్డం మీదుగా హ్యాండిలు మీదికి బొట్లుబొట్లుగా రాలిన చెమట వల్ల నీరూ ఉప్పూ నష్టమే గాని చల్లదనం రాదు. విశాఖలో, కాకినాడలో, నెల్లూరులో సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు. తెలంగాణలో, రాయలసీమలో గాలి పొడిగా ఉన్నా అది చర్మం కంటే వేడెక్కిన తరువాత ఆ గాలే ఒంటికి వేడిని మోసుకొస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు సంగతి మరీ విషమం. వేగం గంటకు పది కిలోమీటర్లకు పడిపోయి ఎదురుగాలి తగలడం మానుతుంది. శ్రమ మాత్రం పెరుగుతుంది.

ఇక నిర్వాహకులు, జట్టు నాయకులు సాధారణంగా చెప్పే సమాధానాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది: "మేము తెల్లవారుజామునే ప్రారంభిస్తాం." ప్రారంభ సమయం కాదు, ముగింపు సమయం చెప్పండి. అది కూడా మొదట వచ్చినవానిది కాదు, చివర వచ్చినవానిది. ఐదున్నరకు మొదలైన పందేన్ని గట్టివాడు ఎనిమిదికి ముగించి నీడన కూర్చుంటాడు. కొత్తగా చేరినవాడు, బరువెక్కువున్నవాడు, యాభై దాటినవాడు పది గంటల ఎండలో ఒంటరిగా తొక్కుతూ ఉంటాడు. సహాయక వాహనమేమో ముందున్న గుంపు వెంట వెళ్లిపోయి ఉంటుంది. అంటే అతి తక్కువ సత్తువ గలవానికి అతి ఎక్కువ ఎండ, అతి తక్కువ సహాయం! బ్రెవేల సంగతి చెప్పనే అక్కరలేదు. అవి పందేలు కావు, నిజమే. కాని 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు. ఉదయం ఆరుకు బయలుదేరినవాడు మిట్టమధ్యాహ్నాన్ని తప్పించుకునే మార్గమే లేదు.

రెండవది: "ఎండకు అలవాటు పడితే ఏమీ కాదు." శరీరం వేడికి అలవాటు పడుతుందన్నది శాస్త్రసమ్మతమే. క్రమంగా శ్రమ పెంచుతూ పోతే పది నుండి పద్నాలుగు రోజులలో చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం, రక్తంలో ద్రవభాగం పెరగడం వంటి మార్పులు వస్తాయి. కాని వారమంతా ఏసీ గదిలో పనిచేసి, ఏసీ కారులో తిరిగి, ఏసీ గదిలో నిద్రించి, ఆదివారం నాడు మాత్రం ఎండలో పందెం తొక్కేవానికి ఆ అలవాటు ఎక్కడి నుండి వస్తుంది? వచ్చినా అది ప్రమాదపు హద్దును కొంచెం వెనక్కి జరుపుతుందే తప్ప తొలగించదు.

మూడవది: "రైతుకూలీలు రోజంతా ఎండలో పని చేయడం లేదా?" ఈ మాట వినడానికే బాధగా ఉంటుంది. పొలంలో పనిచేసేవారు తమ నడకను తామే నిర్ణయించుకుంటారు. తలకు తుండు చుట్టుకుంటారు, పొద్దెక్కాక చెట్టు కిందికి చేరుతారు, కుండలో నీళ్లు తాగుతారు. అది తరతరాలుగా నేర్చుకున్న వివేకం. ఆ అవకాశం కూడా లేని కూలీలే 2015లో పిట్టల్లా రాలిపోయారు. గత్యంతరం లేక ఎండలో నిలబడినవారి కష్టాన్ని, ఒక పతకం కోసం ఎండను కొని తెచ్చుకునేవారు సాక్ష్యంగా చూపడం న్యాయం కాదు.

నాలుగవది: "మావాళ్లంతా దృఢకాయులు." శ్రమ వల్ల కలిగే వడదెబ్బ ముఖ్యంగా దృఢకాయులకే వస్తుంది. మంచం మీద ఉన్న వృద్ధునికి వచ్చే వడదెబ్బ వేరు, ఇది వేరు. ఆగిపొమ్మని శరీరం చెబుతున్నా వినకుండా తొక్కగల మనోబలం ఉన్నవానికే ఇది వస్తుంది. ఆ మనోబలాన్ని మరింత ఎగదోసేది జట్టు. నా దృష్టిలో ఎండ తరువాత అతి పెద్ద ప్రమాదకారణం అదే.

దీనికి చరిత్రలో ఒక దారుణమైన నిదర్శనం ఉంది. 1960 ఆగస్టు 26న రోమ్ ఒలింపిక్స్‌లో 100 కిలోమీటర్ల టీమ్ టైమ్ ట్రయల్ జరిగింది. ఆనాటి ఒలింపిక్స్ ఔత్సాహికులవే. ఎండ 40 డిగ్రీల ప్రాంతంలో ఉంది. డెన్మార్క్ జట్టులో నలుగురు. ఒకడు ఎండదెబ్బతో మొదటి చుట్టు తరువాతే విరమించుకున్నాడు. మూడవవాడు గమ్యం చేరిన సమయాన్నే జట్టు సమయంగా లెక్కిస్తారు. కనుక మిగిలిన ముగ్గురిలో ఒక్కడు ఆగినా జట్టు మొత్తం పోయినట్లే. వారిలో క్నుడ్ ఎనెమార్క్ యెన్సెన్ అనే 23 ఏళ్ల యువకుడు కళ్లు తిరుగుతున్నాయని చెప్పాడు. తోటివారు అతన్ని చొక్కా పట్టుకుని నిలబెట్టి, మీద నీళ్లు చల్లి ముందుకు తీసుకుపోయారు. చేయి వదిలిన కొంతసేపటికే అతడు రోడ్డు మీద కూలి తలకు తీవ్రంగా గాయపడ్డాడు. అతన్ని ఎండకు కాగిపోతున్న సైనిక గుడారంలో పడుకోబెట్టారు. ఆ మధ్యాహ్నమే మరణించాడు. ఆ తరువాత లోకమంతా అతడు వాడినట్లు చెప్పిన మందుల గురించే మాట్లాడింది. ఎండను, ముగ్గురూ చేరి తీరాలన్న నియమాన్ని, కాగిన గుడారాన్ని మరచిపోయింది.

ఆ తోటివారు దుర్మార్గులు కారు. స్నేహితుణ్ణి ఆదుకుంటున్నామనే అనుకున్నారు. మన జట్లలోనూ వెనుకబడినవానికి "ఇంకొక్క పది కిలోమీటర్లే, పద" అని చెప్పేవాడు మంచివాడే. కాని ఆ మాట ఎండాకాలంలో ప్రాణాంతకం కాగలదు.

వృత్తి క్రీడాకారుల లోకం ఈ పాఠాన్ని ఆలస్యంగానైనా నేర్చుకుంటున్నది. ఆస్ట్రేలియాలో టూర్ డౌన్ అండర్ నిర్వాహకులు 2018లోనూ 2019లోనూ ఎండ తీవ్రతను చూసి కొన్ని దశల దూరాన్ని కుదించారు. అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 2024 నుండి అధిక ఉష్ణోగ్రతలకు ప్రత్యేక నియమావళి తెచ్చింది. గాలి వేడిని, తేమను, ఎండ తాపాన్ని, గాలి వేగాన్ని కలిపి లెక్కించే వెట్ బల్బ్ గ్లోబ్ సూచిక 28 డిగ్రీలు దాటితే దానిని ఎర్ర మండలంగా పరిగణించి, సమయం మార్చడమో, దూరం తగ్గించడమో, రద్దు చేయడమో చర్చించాలి. మన కోస్తాలో ఏప్రిల్ ఉదయాలలోనే ఆ గీత దాటడం అరుదు కాదు. వెంట వైద్యుడు, కారు, మంచుగడ్డలు ఉన్న వృత్తి పందెగాళ్లకే ఇంత జాగ్రత్త అవసరమైతే, వెంట ఒక సీసా నీళ్లు మాత్రమే ఉన్న ఔత్సాహికుని మాటేమిటి?

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సౌరఫలకాల పైకప్పుతో సైకిలు బాట ఉన్నది కదా అని కొందరనవచ్చు. మంచి వసతి, కాదనను. నీడ నేరుగా పడే ఎండను ఆపుతుంది. గాలిలోని వేడిని ఆపదు, మీ కండరాలలో పుట్టే వేడిని అసలే ఆపదు.

వద్దన్నా వినని నిర్వాహకులకు కనీస బాధ్యతలు గుర్తు చేస్తున్నాను. తొక్కేవాడు తూలుతున్నా, పిలిస్తే పొంతన లేని జవాబిచ్చినా, అకారణంగా కోపగించుకున్నా వడదెబ్బగా అనుమానించాలి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అన్నది అపోహ. ఈ రకం వడదెబ్బలో ఒళ్లంతా చెమటతో తడిసి ఉండవచ్చు. నుదుటి దగ్గర పెట్టే థర్మామీటరును నమ్మరాదు. మలద్వారంలో చూసిన ఉష్ణోగ్రతే ప్రమాణం. అది 40 డిగ్రీలు దాటి, మతి చెదిరిన లక్షణాలుంటే ముందు చల్లార్చాలి, ఆ తరువాతే తరలించాలి. పెద్ద టబ్బులో మంచునీళ్లు పోసి మెడ వరకు ముంచాలి. టబ్బు లేకపోతే బరకం మీద పడుకోబెట్టి, నలుగురు అంచులెత్తి పట్టుకుని, మంచునీళ్లు పోయాలి. పడిపోయిన అరగంటలోపు ఉష్ణోగ్రతను దించగలిగితే ప్రాణం నిలిచే అవకాశం చాలా ఎక్కువ. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ అరగంట పోతుంది. పారాసిటమాల్ ఇందులో పనికిరాదు, ఎందుకంటే ఇది జ్వరం కాదు. పందేనికి ముందు ఒళ్లునొప్పులకని మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు నీరు తగ్గిన శరీరంలో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

నీళ్ల విషయంలోనూ అతి పనికిరాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగరులలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయి ఉంది. దానికి ముఖ్యకారణం అవసరాన్ని మించి తాగడం. దాహం వేసినంత తాగండి, సుదీర్ఘ సవారీలో ఉప్పు కలిసినది తాగండి. అయితే ఎన్ని కొబ్బరి బొండాలు తాగినా, ఎన్ని ఓఆర్ఎస్ పొట్లాలు కలుపుకున్నా వడదెబ్బకు అవి కవచం కావని గుర్తుంచుకోండి. నీరు నిండుగా ఉన్న శరీరం కూడా వేడెక్కి కూలిపోగలదు.

చివరిగా ఆ హామీపత్రం సంగతి. "నాకేం జరిగినా నిర్వాహకులు బాధ్యులు కారు" అని సంతకం పెట్టించుకోవడం మాత్రం ప్రతిచోటా శ్రద్ధగా జరుగుతుంది. మంచుగడ్డల టబ్బు మీద ఆ శ్రద్ధ కనిపించదు.

నా కోరిక ఇది. మన సీజను విజయదశమితో మొదలై మహాశివరాత్రితో ముగియాలి. ఆ నాలుగైదు నెలలలో ఎన్ని పందేలైనా పెట్టుకోండి. ఉగాది తరువాత పోటీలు పూర్తిగా ఆపండి. వేకువన గంటసేపు నెమ్మదిగా తొక్కండి, ఇంట్లో ఫ్యాను ముందు ట్రైనరు మీద సాధన చేయండి, వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయండి. ఫిట్‌నెస్ ఎక్కడికీ పోదు. ఇప్పటికే పందెం ప్రకటించి రుసుము వసూలు చేసినవారు డబ్బు తిరిగి ఇచ్చి, తేదీని కార్తీకానికి మార్చండి. జట్టు నాయకులారా, మీ జట్టులో మొదట వచ్చేవాణ్ణి కాదు, చివర వచ్చేవాణ్ణి తలచుకుని నిర్ణయం తీసుకోండి. అతడు ఉదయం ఇంట్లో చెప్పి వచ్చినట్లుగానే మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. అది మీ బాధ్యత.