లైసెన్సు అక్కర్లేదంటే శిక్షణ అక్కర్లేదని కాదు

పారాచూట్ ముందే విచ్చుకుని ఉంటుంది కదా, ఇక పడిపోయేదేముంది? పవర్డ్ పారాచూట్‌ను చూసి ముచ్చటపడే యువత ఇలా అనుకోవడం సహజమే. ఇందులో సగమే నిజమని మేము చెప్పదలచుకున్నాం.

చక్రాల బండి, వెనుక ఇంజను, ప్రొపెల్లరు, పైన గాలి నిండితే రెక్కగా మారే గుడ్డ. అంతే ఈ వాహనం. వేగం గంటకు సుమారు 50 కిలోమీటర్లు. థ్రాటిల్ పెంచితే పైకి, తగ్గిస్తే కిందికి. కాళ్ల దగ్గరి కడ్డీని తొక్కితే పక్కకు తిరుగుతుంది. ఇంజను ఆగినా, కింద ఖాళీ స్థలం ఉంటే మెల్లగా దిగవచ్చు. ఇంతవరకు నిజం.

అసలు గండం నేల దగ్గరే ఉంది. రెక్క నిండి తిన్నగా తలపైకి రాకముందే తొందరపడి థ్రాటిల్ పెంచితే బండి బోల్తా పడవచ్చు. తాళ్లు మెలిపడినా చూసుకోకపోతే అదే గతి. తక్కువ ఎత్తులో గట్టిగా మలుపు తిప్పితే, తేరుకునేలోపే నేల వచ్చేస్తుంది. గాలి జోరుగా ఉంటే ఇంత నెమ్మది వాహనం ఎదురు నిలవలేదు. ఇక కరెంటు తీగల సంగతి చెప్పనక్కర్లేదు. ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు ఆగాలో తెలియాలంటే పక్కన గురువు ఉండాలి.

అమెరికాలో ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే సుమారు 115 కిలోల లోపు ఉండే ఒంటి సీటు వాహనానికి పైలట్ లైసెన్సు అడగరు. రెండు సీట్లదైతే, 2004లో వచ్చిన స్పోర్ట్ పైలట్ నియమాల ప్రకారం కనీసం 12 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 10 గంటలు శిక్షకుడితోనే. కానీ గాలికి సీట్ల లెక్క తెలియదు. ఒంటరిగా ఎగిరేవాడికీ ఆ గంటలు అవసరమే.

ఇది ఎక్కడో అమెరికా గోల అనుకోవద్దు. దీనికి దగ్గరి చుట్టమైన పారామోటార్ మన తీరాలకూ వచ్చింది. 2020 అక్టోబరులో కర్ణాటకలోని కార్వార్ తీరంలో పారామోటార్ సముద్రంలో పడి ఒక నౌకాదళ అధికారి మరణించారు.

అందుకే యువతకు మా మనవి ఒక్కటే. నడపాలనుకుంటే ముందు నేర్చుకోండి. సవారీకి ఎక్కాలనుకుంటే ముందు అడగండి: నడిపేవారు ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని గంటలు ఎగిరారు, ఈ గాలిలో ఎగరవచ్చా? డబ్బు కట్టే ప్రతివారికీ ఈ ప్రశ్నలు వేసే హక్కుంది. జవాబు దొరకకపోతే వెనక్కి తిరగడం పిరికితనం కాదు.