ఉప్పు ఊరిలో పాటల పండుగ

సంగీతం వినడానికి ఊరు దాటి వెళ్ళడం మన కోలారు తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు వెళ్ళి, కావేరి ఒడ్డున ఇసుకలో కూర్చుని వచ్చినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. బెంగుళూరు చామరాజపేటలో కోట హైస్కూలు మైదానంలో జరిగే రామనవమి కచేరీలకు వెళ్ళి, రాగం మధ్యలో లేవలేక ఆఖరి రైలు వదిలేసుకుని, స్టేషనులో పడుకుని తెల్లవారి డ్యూటీకి వచ్చిన పెద్దలూ ఉన్నారు. కాకపోతే పాట కోసం సముద్రం దాటడం మాత్రం మన ఇళ్ళలో ఈమధ్యే మొదలైంది. పిల్లలు ఉద్యోగాల పేరిట జర్మనీలో, ఆస్ట్రియాలో స్థిరపడ్డారు. వాళ్ళను చూడబోయిన అమ్మానాన్నలు కోటలూ జలపాతాలూ చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేస్తున్నారు. ఈసారి వెళ్ళేవాళ్ళు ఇంకొకటి కూడా చూడాలని ఈ నెల నా మాట.

జర్మనీ సరిహద్దును ఆనుకుని, ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ అనే ఊరుంది. 'సాల్జ్' అంటే ఉప్పు, 'బర్గ్' అంటే కోట. పక్క కొండల్లో తవ్విన ఉప్పు మీద వచ్చిన డబ్బుతో అక్కడి మఠాధిపతుల్లాంటి ఆర్చిబిషప్పులు చర్చీలూ రాజభవనాలూ కట్టుకున్నారు. వాళ్ళే దొరలు, వాళ్ళే గురువులు. ఆ ఊళ్ళోనే, గెట్రైడెగాసె అనే ఇరుకు వీధిలో 9వ నంబరు ఇంట్లో, 1756 జనవరి 27న మోజార్ట్ పుట్టాడు. అప్పటికి మన త్యాగయ్య పుట్టడానికి ఇంకా పదకొండేళ్ళుంది. కొలువులో ఇమడలేక 1781లో మోజార్ట్ ఆర్చిబిషప్పుతో గొడవపడి వియన్నాలో ఉండిపోయాడు. బతికుండగా పొమ్మన్న ఊరు ఇవాళ ఆయన పేరు చెప్పుకుని బతుకుతోంది. మిఠాయి పొట్లం మీద కూడా ఆయన బొమ్మే.

అక్కడి సంగీతోత్సవం మొదలైన కాలం గుర్తుంచుకోదగ్గది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి, సామ్రాజ్యం ముక్కలై, తిండికే కటకటగా ఉన్న రోజులవి. నాటక ప్రయోక్త మాక్స్ రైన్‌హార్ట్, కవి హోఫ్‌మన్‌స్టాల్, స్వరకర్త రిచర్డ్ స్ట్రౌస్ మొదలైనవాళ్ళు పూనుకుని, 1920 ఆగస్టు 22న పెద్ద చర్చి ముందున్న బయలులో ఒక నాటకం ఆడించారు. దాని పేరు 'యేడర్‌మన్', అంటే ప్రతి మనిషీ అని. ఇప్పుడు ఏటా జూలైలో మొదలై ఆగస్టంతా ఆ ఊళ్ళో ఒపేరాలు, కచేరీలు, నాటకాలు జరుగుతాయి.

కిందటేడు మ్యూనిక్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు నేనూ మా ఆవిడా రెండు కార్యక్రమాలకు వెళ్ళాము. మొదటిది ఆ నాటకమే. జర్మన్ మాట ఒక్కటి రాకపోయినా కథ తెలిస్తే చాలు. ఒక డబ్బున్నవాడు విందులో ఉండగా మృత్యువు వచ్చి పిలుస్తుంది. తోడు రమ్మంటే స్నేహితుడు రాడు, చుట్టాలు రారు. కడకు పెట్టె తెరిస్తే అందులోంచి ధనమే మనిషిలా లేచి, నేనెందుకొస్తాను పొమ్మంటుంది. చర్చి బురుజుల మీదనుంచి, ఇళ్ళ కప్పుల వైపునుంచి 'యే...డర్‌మన్' అని పేరు పెట్టి పిలుస్తారు. సాయంకాలపు ఎండ చర్చి గోడ మీద వాలుతున్న వేళ ఆ పిలుపు వింటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. "ఇది మన వేమన చెప్పిందే కదండీ" అంది మా ఆవిడ. ముప్పై ఏళ్ళుగా ఇతరుల డిపాజిట్లు లెక్కపెడుతున్న నాకు ఆ పెట్టె సీను కొంచెం ఎక్కువగానే తగిలింది.

రెండోది మోజార్టేయం అనే హాలులో పొద్దున పదకొండు గంటలకు జరిగే మోజార్ట్ కచేరీ. మనకు కొత్తగా కనిపించేది అక్కడి నిశ్శబ్దం. తాళం వెయ్యరు, తల ఊపరు, ఆహా అనరు. దగ్గు వస్తే కూడా భాగానికీ భాగానికీ మధ్యలో దగ్గుతారు. ఆ మధ్యలో చప్పట్లు మాత్రం కొట్టరు. అంతా అయ్యాకే ఒక్కసారి, చేతులు నొప్పి పుట్టేదాకా కొడతారు. ఒకచోట వాద్యబృందమంతా ఆగిపోయి పియానో వాయించేవారు ఒక్కరే కాసేపు తమ విద్య చూపిస్తారు. దాన్ని 'కడెంజా' అంటారు. మోజార్ట్ కాలంలో అప్పటికప్పుడు కల్పించి వాయించేవారట, ఇప్పుడు చాలావరకు ముందే రాసి ఉన్నవి వాయిస్తారు. మన తని ఆవర్తనం లాంటిదే అనుకుని వింటే దారి దొరుకుతుంది. రాగం పోల్చుకోబోతే మాత్రం తికమకే. ఆ ప్రయత్నం మానుకుని స్వరాలు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చారో వింటే మెల్లగా రుచి తెలుస్తుంది.

ఇక ఖర్చు సంగతి చెప్పకపోతే నా ఉద్యోగానికి న్యాయం కాదు. గొప్ప ఒపేరాలకు ముందు వరుస టికెట్టు నాలుగు వందల యూరోలు దాటుతుంది. అది చూసి బెదిరిపోకండి, వెనక వరుసల్లో చవక టికెట్లూ ఉంటాయి. కార్యక్రమాల పట్టిక ముందు చలికాలంలోనే వస్తుంది కనుక జనవరిలోనే అడిగి పెట్టుకోవాలి. టికెట్టు దొరకనివాళ్ళకు కూడా దారి ఉంది. చర్చి పక్కన కపిటెల్‌ప్లాట్స్ అనే బయలులో 2002 నుంచి పెద్ద తెర మీద పాత ఒపేరాలూ కచేరీలూ రాత్రిపూట ఉచితంగా చూపిస్తున్నారు. మ్యూనిక్ నుంచి రెండు గంటల లోపు రైలు ప్రయాణం. బవేరియా రాష్ట్రానికి ఇచ్చే ఒకరోజు టికెట్టు సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ స్టేషను దాకా చెల్లుతుంది, అయిదుగురి దాకా కలిసి వెళ్ళవచ్చు. షెంగెన్ వీసాకు ముప్పై వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. నేను బ్యాంకులో చేరిన రోజుల్లో ఫెరా చట్టం కింద విదేశీ మారకం అడిగితే సవాలక్ష ప్రశ్నలు వేసేవాళ్ళం. 2000 జూన్‌లో ఫెమా వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. శాకాహారులు పులిహోర కట్టుకుని వెళ్ళడం మంచిది. పట్టుచీర కట్టుకుంటే అక్కడ ఎవరూ వింతగా చూడరు, వాళ్ళూ పండుగ బట్టలతోనే వస్తారు.

ఇంతవరకూ చెప్పినది చుట్టపుచూపు. కె.జి.ఎఫ్. ఎరిగినవాళ్ళు తప్పక చూడవలసినవి రెండున్నాయి. ఒకటి 'ఫెల్సెన్‌రైట్‌షూలె' అనే రంగస్థలం. పెద్ద చర్చి కట్టడానికి కొండలోంచి రాయి తీసిన గని అది. రాయి తీసేశాక మిగిలిన కొండ గోడలో 1693లో మూడు వరుసలుగా 96 గూళ్ళు తొలిచి, గుర్రపు ఆటలు చూడడానికి వాడుకున్నారు. 1926 నుంచి అక్కడ నాటకాలు ఆడుతున్నారు. రాయి తీసిన గుంట పాట పాడే చోటైంది.

రెండోది సాల్జ్‌బర్గ్‌కు దక్షిణాన కొద్ది దూరంలో ఉన్న హల్లైన్. అసలు ఉప్పు గని ఊరు అదే. వేల ఏళ్ళు తవ్విన ఆ గనిలో 1989లో పని ఆపేశారు. ఇప్పుడు జనానికి తెల్లటి అంగీలు తొడిగి, చిన్న రైల్లో లోపలికి తీసుకువెళ్ళి, పూర్వం పనివాళ్ళు జారిన చెక్క జారుడుబల్లల మీదే జారనిస్తారు. గని లోపలే ఒకచోట ఆస్ట్రియా దాటి జర్మనీలోకి నడిచి మళ్ళీ వెనక్కి వస్తాము. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం అది కాదు. ఊళ్ళో నది మధ్య దీవిలో ఉప్పునీళ్ళు కాచిన పాత కార్ఖానా ఉంది. గని మూతపడిన మూడేళ్ళకు, 1992లో, సాల్జ్‌బర్గ్ ఉత్సవం ఆ కార్ఖానాను తన నాటకశాలగా చేసుకుంది.

ఆ గోడ దగ్గర నిలబడితే మన ఊరు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? జాన్ టేలర్ కంపెనీ వాళ్ళు 1880లో మొదలుపెట్టినప్పటినుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా మన నేల ఇచ్చిన బంగారం దాదాపు ఎనిమిది వందల టన్నులు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఇంత ఘనత ఉన్న ఊరికి ఇప్పుడు మిగిలినవి తుప్పు పట్టిన గని తలలు, గాలికి దుమ్ము లేపే సైనైడు దిబ్బలు, తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కే మన పిల్లలు. ఉప్పు అయిపోయాక వాళ్ళకు పాట మిగిలింది. బంగారం అయిపోయాక మనకేం మిగిలిందని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం?

సంగీతం ఉంటే చాలు ఊరు బాగుపడుతుందని మాత్రం నేను అనను. 1938లో ఆస్ట్రియా హిట్లర్ చేతిలోకి వెళ్ళింది. ఆ ఏప్రిల్ 30న సాల్జ్‌బర్గ్ నడిబొడ్డునే పుస్తకాలు తగలబెట్టారు. ఉత్సవాన్ని నెలకొల్పిన రైన్‌హార్ట్ యూదుడు కావడంతో ఆయన భవనం లాక్కున్నారు. ఆయన పరాయి దేశంలో, 1943లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. 'యేడర్‌మన్' మళ్ళీ చర్చి ముందుకు రావడానికి 1946 దాకా ఆగవలసి వచ్చింది. మంచి పాట వినే చెవులు ఉన్నంత మాత్రాన మంచి మనసు ఉంటుందని నమ్మకం లేదు. అయినా యుద్ధం ముగిసిన వెంటనే వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు, అది చూడాలి.

మనకూ వాళ్ళకూ బంధుత్వం లేకపోలేదు. ఆ ఉత్సవం పెద్దల్లో ఒకరైన రిచర్డ్ స్ట్రౌస్ చివరిగా కట్టిన నాలుగు పాటలను ఆయన పోయాక, 1950 మే 22న లండన్‌లో మొదటిసారి పాడించారు. ఆ కచేరీకి డబ్బు హామీ ఇచ్చినవారు మన మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడయరు. ఆయన వెళ్ళలేకపోతే రికార్డు చేసి మైసూరుకు పంపారు. వాసుదేవాచార్యుల వంటి విద్వాంసులున్న ఆస్థానంలో, మన గనుల రాయల్టీ ముట్టిన సంస్థానంలో, పడమటి సంగీతం రికార్డులు ఇరవై వేలదాకా ఉండేవట. ఇక మన తెలుగుబిడ్డ, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, 1983లో పద్నాలుగేళ్ళ వయసులో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మన కర్ణాటక సంగీతం వాయించి వాళ్ళ చేత ఔననిపించుకున్నాడు. రాకపోకలు ఒకవైపే జరగలేదు.

ఇప్పుడు మన గుమ్మం ముందున్న సంగతి. గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగిన కైవార తాతయ్య, అమరనారేయణుడి పేర తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టాడు. ఆయన 1726లో పుట్టాడని చెబుతారు. ఆ లెక్కన మోజార్ట్ పుట్టేనాటికి తాతయ్యకు ముప్పై ఏళ్ళు. కైవారం 2007 దాకా మన కోలారు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లాకు చేరింది. అక్కడ ఆషాఢంలో గురుపౌర్ణమికి మూడు పగళ్ళూ మూడు రాత్రులూ, 72 గంటలు, ఆగకుండా సంగీతం జరుగుతుంది. టికెట్టు లేదు, వీసా లేదు, అన్నం వాళ్ళే పెడతారు. తెలుగు అక్షరాలు రాని పిల్లలు కన్నడ లిపిలో రాసుకుని తెలుగు కీర్తన పాడుతుంటే నేను విన్నాను. లిపి పోయినా పాట నిలిచింది.

అందుకే అంటున్నాను. జర్మనీ వెళ్ళే అవకాశం వచ్చినవాళ్ళు సాల్జ్‌బర్గ్ చూడండి, హల్లైన్ మరీ చూడండి. ఆ ఉత్సవానికి వందేళ్ళకు పైగా వయసు వచ్చిందంటే ఆ ఊరివాళ్ళు మూడు తరాలు వరుసగా వచ్చి కూర్చున్నారు కనుకనే. మనం కైవారంలో ఎన్నిసార్లు కూర్చున్నాం? వినేవాళ్ళు లేని పాట, చెలామణీలో లేని నోటు ఒకటే. పెట్టెలో ఎన్నాళ్ళు దాచినా దాని విలువ పెరగదు.

కోలారు నుంచి చింతామణి మీదుగా కైవారానికి రెండు గంటల లోపు దారి. వచ్చే గురుపౌర్ణమికి సంఘం తరఫున ఒక బస్సు మాట్లాడితే బాగుంటుందని కార్యవర్గం ముందు పెట్టబోతున్నాను. ఇంటికి ఒక్క పిల్లవాడినైనా, ఒక్క పెద్దావిడనైనా పంపండి. పెద్దావిడలకు వచ్చిన తత్వాలూ మంగళహారతులూ దారి పొడవునా పాడించుకుని, పిల్లల చేత రాయించుదాం, ఏ లిపిలోనైనా సరే. బస్సు బాడుగ, మనిషికి ఎంత పడుతుంది అన్న లెక్క నేను వేసి ఇస్తాను. పేర్లు మాత్రం మీరు ఇవ్వాలి.