ఆజాద్ హింద్ ప్రభుత్వం - జపాన్ సంబంధాలు

ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వం 1943 అక్టోబరు 21న సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలో సింగపూరులో ఏర్పడిన ప్రవాస భారత ప్రభుత్వం. రెండు రోజులకే జపాన్ దీనిని గుర్తించింది. జర్మనీ, ఇటలీ మొదలైన దేశాలు కూడా గుర్తించాయి. అయినా జపాన్‌తో దీని మైత్రి చివరి వరకు ఒడిదుడుకులతోనే సాగింది.

తెలుగువారు

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. దొనకొండలో బ్రిటిషువారు నిర్మించిన విమానాశ్రయం కూడా ఆ యుద్ధకాలానిదే. ఇక్కడ శత్రువైన జపానే, మలయా, బర్మాలలో బోసు వెంట నడిచిన తెలుగువారికి మిత్రదేశం. జర్మనీ నుండి జలాంతర్గామిలో బోసుతో కలిసి వచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ హైదరాబాదు వాస్తవ్యుడు.

విభేదాలు

* అండమాన్ నికోబార్: ఈ దీవులను అప్పగిస్తామని 1943 నవంబరులో టోక్యో సమావేశంలో జపాన్ ప్రధాని టోజో ప్రకటించాడు. లోగనాథన్ చీఫ్ కమిషనరుగా నియమితుడైనా, అసలు అధికారం జపాన్ నౌకాదళం చేతిలోనే ఉండిపోయింది.
* సైన్యం: ఆజాద్ హింద్ ఫౌజును గూఢచర్యానికి, ప్రచారానికి పరిమితం చేయాలని జపాన్ సేనాని తెరౌచి భావించాడు. ముందు వరుసలో పోరాడే అవకాశం కావాలని బోసు పట్టుబట్టాడు.
* రాయబారి: 1945లో రంగూను వచ్చిన జపాన్ ప్రతినిధి హచియా వద్ద నియామక పత్రాలు లేవు. అందువలన బోసు ఆయనను కలవడానికి నిరాకరించాడు.

విశ్లేషణ

ప్రవాస భారతీయుల విరాళాలు ఉన్నప్పటికీ ఆయుధాలకు, రవాణాకు ఈ ప్రభుత్వం జపాన్ మీదనే ఆధారపడింది. కనుకనే బోసు లాంఛనాలకు అంత ప్రాముఖ్యమిచ్చాడు. తాము అనుచరులము కాము, సమానులమని చాటడానికి ఆయనకు మిగిలిన ముఖ్య సాధనం అదే.