కంచన్‌బాగ్ కవచము - మన కర్తవ్యము

హైదరాబాదులో టాంకు అన్నంతనే హుస్సేన్‌సాగరపు కట్ట స్ఫురించును. యుద్ధశకటమునకు ఆ పేరు వచ్చుటయు నీటితొట్టి మిషచేతనే. 1915లో ఇంగ్లండునందలి లింకన్ పట్టణమున ఆ యంత్రము రహస్యముగా నిర్మింపబడుచుండగా, అవి నీటితొట్లని చెప్పి మరుగుపఱచిరి. రహస్యము బయటపడినది, పేరు మాత్రము నిలిచినది.

దానికి మూలము నాగేటిచాలు. అమెరికా రైతుల హోల్టు ట్రాక్టరు గొలుసుపట్టాలపై బురదనేల దాటుట చూచి, కందకములనేల దాటరాదని స్వింటన్ అను సేనాని తలపోసెను. 1915 ఫిబ్రవరిలో నౌకామంత్రి చర్చిల్ భూనౌకాసంఘమును నెలకొల్పెను. వ్యవసాయ యంత్రములు చేయు కర్మాగారములో ట్రిట్టన్, విల్సన్ అనువారు దానికి రూపమిచ్చిరి. ఇరువది మాసములు నిండకమునుపే అది యుద్ధభూమిని ప్రవేశించెను.

ఆ భూమిని మన దక్కను రక్తము అంతకుముందే తడిపినది. 1916 జూలై 14న, ఫ్రాన్సులోని సోమ్ యుద్ధమున, హైదరాబాదు కంటింజెంటునుండి పుట్టిన దక్కన్ హార్సు దళము హైవుడ్ అడవిచెంత బల్లెములతో శత్రువుపైకి గుఱ్ఱములను దూకించెను. రెండు మాసములకు, సెప్టెంబరు 15న, ఆ పరిసరములందే టాంకు తొలిసారి పోరునకు దిగెను. గుఱ్ఱమునకు కాలము తీరెను. ఆ దళమే 1965లో ఖేంకరన్ వద్ద టాంకులతో పోరాడి కీర్తి గడించెను. కాని ఆ టాంకులు అమెరికావారు చేసిన షెర్మనులు. వీరుడు మనవాడు, కవచము పరునిది!

తొలి టాంకు నిర్దుష్టమైనదా? బరువు 28 టన్నులు. వేగము గంటకు నాలుగు మైళ్లైనను లేదు. లోపల ఎనమండుగురు ఇంజను పొగలో ఉక్కిరిబిక్కిరి యగుచుండిరి. సిద్ధపఱచిన 49లో సుమారు మూడవవంతు యుద్ధరేఖను చేరకయే చెడిపోయినవి. అది చూచి సేనాధిపతి హేగ్ యేమి చేసెను? ఇంకను వేయి కావలెననెను! 1917 నవంబరు 20న కాంబ్రేయందు నాలుగువందలకు పైగా టాంకులు కదలినవి.

ఇక మన సంగతి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్‌లకు కూతవేటు దూరమున కంచన్‌బాగ్ కలదు. అచ్చటి రక్షణలోహ పరిశోధనశాలవారు సాధించిన కవచమునకు ఆ పేట పేరిటనే కంచన్ అని నామకరణము చేసిరి. అదియే అర్జున్ టాంకునకు కవచము. 1974లో తలపెట్టిన అర్జున్ 2004లో గాని సైన్యమున చేరలేదు. అది మిక్కిలి బరువైనది, ఇంజను జర్మనీది. ఈ లోపములను మేము దాచము. కాని తీర్పు చూడుడు: అర్జునునకు తొలి ఆర్డరు 124. 2001లో రష్యాతో కుదిరిన టి-90 ఒడంబడిక 310. మెఱుగుపఱచిన అర్జునునకు 2021లో లభించినది 118!

సరిహద్దున నిలిచిన సైనికుని చేతికి లోపమున్న యంత్రమునిత్తురా యని కొందఱడుగుదురు. ఆ ప్రశ్న గౌరవింపదగినదే. ఆపత్కాలమున కొనవచ్చును, మేము కాదనము. కాని కొన్న వస్తువునకు విడిభాగము కావలసినప్పుడెల్ల పరుల వాకిట నిలువవలెను. స్వంత వస్తువునకు పిడికెడు ఆర్డర్లిచ్చినచో కర్మాగారము పస్తుండును, పనివాడు చెదరిపోవును, లోపము లోపముగనే మిగులును. చేయింపక దిద్దుట యెట్లు? నడువనీయక బిడ్డను కుంటివాడనుట న్యాయమా?

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయములలో వేలకొలది యువకులు పరదేశపు కంపెనీలకు కావలసిన విద్యను రేయింబవళ్లు నేర్చుచున్నారు. వారి యెదుటనే కంచన్‌బాగ్ నిలిచియున్నది. కవచము పుట్టిన గడ్డకు ఇంజను అసాధ్యమా?

పాఠకులారా! మీ ప్రతినిధులు వోట్లకై వచ్చినప్పుడు ఎన్ని టాంకులు కొంటిరని అడుగకుడు. ఎన్ని చేయించితిరి, ఎన్ని లోపములు దిద్దించితిరి అని అడుగుడు. సమాధానము లభించువఱకు విడువకుడు.