బొమ్మల వరుసకు చివరెక్కడ?

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి మంచం మీద పెట్టాడు. దాని లోపల జానెడు కూడా లేని బొమ్మ. ఒంటి నిండా బంగారు రంగు కవచం. పిల్లలంతా చుట్టూ చేరారు. "ఎంతరా ఇది?" అని మా చెల్లెలు అడిగింది. "పన్నెండు వేలమ్మా" అన్నాడు. అరుగు మీద కూర్చున్న పెద్దలు ఒక్కసారిగా నవ్వారు. "ఆ డబ్బు పెడితే మంచి పెయ్యదూడ వచ్చేది కదరా" అని ఒకాయన అన్నాడు. వాడు మారు మాట్లాడలేదు. బొమ్మను జాగ్రత్తగా పెట్టెలో సర్దుకున్నాడు.

నేనూ నవ్వినవాళ్ళలో ఉన్నాను. ఆ రాత్రి వాడు నా మంచం దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "మావయ్యా, పన్నెండు బొమ్మల వరుస ఇవాల్టితో పూర్తయింది. ఇప్పుడు ఇంకో కొత్త వరుస మొదలెట్టాలని ఉంది. ఈ నెలాఖరులోపు ఆర్డరు పెట్టాలి. ఏమంటావు?" అని అడిగాడు. చిన్నప్పుడు వాణ్ణి కొండపల్లి తీసుకెళ్ళి మొదటి బొమ్మ కొనిపెట్టింది నేనే. అందుకే నన్ను అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచి ఆలోచించిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. మన ఊళ్ళ నుంచి వెళ్ళి పట్నాల్లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల్లో ఈ ఇష్టం ఉన్నవాడు వాడొక్కడే కాడు కనుక నలుగురికీ పనికొస్తుందనుకుంటున్నాను.

రాశుల వీరులు

ముందు ఆ బొమ్మ ఏమిటో తెలియాలి. జపానులో 1986లో కురుమాడా మసామి అనే ఆయన ఒక బొమ్మల కథ మొదలుపెట్టాడు. దాని పేరు సెయింట్ సెయా. అదే ఏడాది టీవీలోకి వచ్చి, 1989 దాకా 114 భాగాలు నడిచింది. ఆకాశంలోని నక్షత్ర మండలాల పేర్లతో కవచాలు ధరించే వీరుల కథ అది. అందరికన్నా పైన పన్నెండుమంది బంగారు కవచాల వీరులుంటారు. మేషం, వృషభం, మిథునం దగ్గర్నుంచి మీనం దాకా రాశికొక్కడు. మన పంచాంగంలో ఉన్న పన్నెండే. కన్యారాశి వీరుడి పేరు షాకా. వాడు పుట్టింది మన దేశంలోనేనని కథ. కళ్ళు మూసుకుని పద్మాసనంలో కూర్చుంటాడు. ఆ సంగతి చెబితే అరుగు మీద నవ్విన పెద్దాయన కూడా "ఏదీ, చూపించు" అన్నాడు.

బాందాయ్ అనే జపాను కంపెనీ 2003లో ఈ వీరుల బొమ్మలను మిత్ క్లాత్ అనే పేరుతో తీసుకొచ్చింది. ఇవి పిల్లలు నేలమీద ఈడ్చి ఆడుకునే బొమ్మలు కావు. లోపలి మనిషి ప్లాస్టిక్. పైన కవచంలో చాలా ముక్కలు లోహంతో పోసినవి. భుజానికి ఒకటి, మోచేతికి ఒకటి, పిక్కకు ఒకటి - పెళ్ళికూతురికి నగలు పెట్టినట్టు ఒక్కొక్కటే తొడగాలి. ఆ ముక్కలన్నీ విప్పి విడిగా అమరిస్తే సింహరాశివాడి కవచం సింహమవుతుంది, వృషభరాశివాడిది ఎద్దవుతుంది. వాడు చేసి చూపించాడు. గంటకు పైగా పట్టింది. మా ఇంటి పిల్లలు అంతసేపూ ఫోను ముట్టుకోలేదు. పనితనం ఉన్న వస్తువని నేనూ ఒప్పుకున్నాను. ఊరికే పన్నెండు వేలు పెట్టలేదు వాడు.

ఇలాంటివి ఎక్కువగా కొనేది చిన్నపిల్లలు కాదు. చిన్నప్పుడు టీవీలో ఆ కథ చూసి పెరిగినవాళ్ళు ఫ్రాన్సులో, మెక్సికోలో, బ్రెజిల్‌లో చాలామంది ఉన్నారు. చిన్నప్పుడు కొనుక్కోలేనిది సంపాదన వచ్చాక కొనుక్కున్నారు. మన పిల్లలు ఆ కథను ఆలస్యంగా, ఫోనులో చూశారు. అంతే తేడా.

అదే సింహం, మళ్ళీ మళ్ళీ

చిక్కంతా బొమ్మలో లేదు, వరుసలో ఉంది. పన్నెండు రాశులన్నప్పుడు ఎవరైనా ఏమనుకుంటారు? పన్నెండు కొంటే అయిపోతుందనుకుంటారు. 2003లో మొదలుపెట్టినవాళ్ళూ అలాగే అనుకున్నారు. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే కొని పన్నెండూ పూర్తిచేసి అలమరలో నిలబెట్టుకున్నారు. 2011లో అదే కంపెనీ ఇ.ఎక్స్. అనే కొత్త వరుస తెచ్చింది. మిథునరాశి సాగాతో మొదలు. కొంచెం పొడుగు, ఎక్కువ కీళ్ళు, మరింత మెరుపు. వీరులు మాత్రం ఆ పన్నెండుమందే. పాతవాటి పక్కన కొత్తది పెడితే పాతవి వెలవెలబోయాయి. ఇక పన్నెండూ మళ్ళీ కొనాలి, లేదా పాతవాటితో తృప్తిపడాలి.

అక్కడితోనూ ఆగలేదు. 2015లో కథకు కొత్త భాగం వచ్చింది. అందులో ఆ పన్నెండుమందికీ రెక్కలున్న దివ్యకవచాలు వచ్చాయి. కనుక వాటికీ బొమ్మలు. పాత కథలో చనిపోయి నల్ల కవచాలతో లేచి వచ్చినవాళ్ళకు వేరే బొమ్మలు. మొదటి కథలోని రంగుల్లో ఉండాలనేవారికి ఆ రంగుల బొమ్మలు. ఆ తర్వాత రివైవల్ అనే పేరుతో ఇ.ఎక్స్. బొమ్మలకే మరమ్మతు చేసిన కొత్త రూపాలు. సింహరాశివాడు ఒక్కడే. వాడి బట్టలు మారినప్పుడల్లా కొనేవాడి జేబుకు కొత్త ఖర్చు.

మా వాడు మొదలెట్టాలనుకుంటున్న కొత్త వరుస కూడా ఇదే - దివ్యకవచాల పన్నెండు. ఉన్న పన్నెండుమందే మళ్ళీ, రెక్కలతో.

ఇందులో కంపెనీ మోసమేమీ లేదు. అది వ్యాపారం. వరుస పూర్తయితే కొనేవాడు ఇంటికి పోతాడు, కాబట్టి పూర్తి కానివ్వదు. ఆ సంగతి తెలుసుకోవలసింది కొనేవాడే.

మన దశావతారాలు పది

మా అమ్మకు బొమ్మల కొలువంటే ప్రాణం. మా ఇంట్లో కొండపల్లి దశావతారాల బొమ్మలుండేవి. తెల్లపొణికి కర్రతో చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికించి, రంగులద్దిన బొమ్మలు. ఒక్కసారే పదీ కొనే స్తోమత లేదు. ఒక ఏడాది మత్స్యం, కూర్మం. ఇంకో ఏడాది వరాహం. అలా కల్కి దాకా రావడానికి ఎన్నో సంక్రాంతులు పట్టింది. కల్కి గుర్రం ఇంటికి వచ్చిన ఏడాది అమ్మ పేరంటాళ్ళందరికీ పదే పదే చూపించుకుంది. ఆ సంతోషం నాకింకా గుర్తుంది. మా వాడు మంచం మీద పెట్టెను పెట్టినప్పుడు వాడి ముఖంలో ఉన్నదీ అదే. కానీ ఆ సమయానికి నాకు అది కనబడలేదు, ధరే వినబడింది.

అయితే ఒక తేడా ఉంది. దశావతారాలు పదితో అయిపోతాయి. మరుసటి ఏడాది రాముడికి కొత్త కిరీటం వచ్చింది, మళ్ళీ మత్స్యం నుంచి మొదలెట్టమని కొండపల్లిలో ఎవరూ చెప్పలేదు. తర్వాత కూడా అమ్మ బొమ్మలు కొనకపోలేదు. అంబారీ ఏనుగు కొంది, తాడిచెట్టు కొంది. కానీ కొలువుకు అయిదే మెట్లు. మెట్టు నిండితే పాతది తీసి పక్కింటి పిల్లకు ఇచ్చేది. అవతారాలకు ఒక లెక్క, కొలువుకు ఒక లెక్క. ఆ రెండు హద్దులూ ఉన్నంతకాలం అది ముచ్చటగానే ఉండింది, ఎవరి కొంపా ముంచలేదు.

నా మూడు బోర్లు

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. మాది మెట్ట. మామిడి తోట. 1999లో రెండువందల అడుగుల బోరు వేయించాను. వేయించే ముందు నెలరోజులు లెక్కలు వేశాను. నీళ్ళు బాగానే పడ్డాయి. 2002లో వానలు లేక ఆ బోరు ఎండిపోయింది. మొదటి బోరుకు కొన్న మోటారు, పైపులు వృథా పోతాయని రెండో బోరు వేయించాను. దానికి లెక్క వేయలేదు. మూడువందల యాభై అడుగులు పోయినా దుమ్మే వచ్చింది. రెండుసార్లు పెట్టినది వృథా పోకూడదని మూడోది. దానికి చేతిలో డబ్బు లేక మా చెల్లెలి గొలుసు తాకట్టు పెట్టాను. నాలుగు నెలలు సన్నగా నీళ్ళు వచ్చి ఆగిపోయాయి. గొలుసు వేలానికి పోయింది.

ఆ గొలుసు ఈ మేనల్లుడి తల్లిది. ఆమె ఈనాటికీ ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నేను "ఒకే మనిషి బొమ్మ ఎన్నిసార్లు కొంటావురా?" అని కసురుకుంటే, వాడు మెల్లగా "ఒకే పొలంలో నువ్వెన్ని బోర్లు వేయించావు మావయ్యా?" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

నాకు తెలిసిన పాఠం ఇదొక్కటే. మొదటిదానికి మనం ఆలోచిస్తాం. రెండోది మొదలుకొని ఆలోచన ఉండదు. మొదటిదాన్ని కాపాడుకోవడమే పనైపోతుంది. పన్నెండింట్లో ఏడు కొన్నవాడు ఎనిమిదోది నచ్చి కొనడు, ఏడు ఉన్నాయి కాబట్టి కొంటాడు. అందుకే వరుసలో మొదటి బొమ్మ ఖరీదు పన్నెండు వేలు కాదు. పన్నెండు పన్నెండ్ల లక్షా నలభై నాలుగు వేలు. ఆ అంకె చూసి "సరే" అనగలిగితేనే మొదటిది కొనాలి.

మూడు ప్రశ్నలు

కాబట్టి కొత్త వరుస మొదలెట్టే పిల్లలు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి - చివరెక్కడ? కంపెనీ చెప్పే చివర కాదు, నువ్వు పెట్టుకునే చివర. పన్నెండయితే పన్నెండు, మూడయితే మూడు. కాగితం మీద రాసి అలమరకు అంటించుకోవాలి. కొత్త రూపం వచ్చినా ఆ కాగితం మారకూడదు. వరుస మొదలెట్టడం వేరు, ఒక బొమ్మ కొనడం వేరు. నీ రాశి సింహమైతే ఆ ఒక్కటీ కొనుక్కో. దానికి మిగతా పదకొండు తోడు రావాలని శాస్త్రమేమీ లేదు.

రెండు - డబ్బు ఎప్పుడు కట్టాలి? ఈ బొమ్మలకు చాలావరకు నెలల ముందే ఆర్డరు పెట్టాలి. సరుకు తర్వాత వస్తుంది. ఇవాళ చెయ్యి ఊపినంత తేలిగ్గా పెట్టిన మూడు ఆర్డర్లు రేపు ఒకే నెలలో వచ్చి పడతాయి. ఆ నెలలోనే ఇంట్లో జ్వరాలొస్తాయి, ఉద్యోగమూ ఊడవచ్చు. పైగా జపాను ధర ఒకటి, రవాణా, సుంకం కలిపితే ఇంకొకటి. బొమ్మల దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. ఖర్చు లెక్క వేసేటప్పుడు ఇవన్నీ కలుపుకోవాలి. చౌకగా దొరుకుతున్నదని ఎగబడితే అది నకిలీ కావచ్చు. కంతుల మీద మాత్రం వద్దు. అప్పు చేసి కొన్న ముచ్చటకు ముచ్చట ఉండదు.

మూడు - ఎక్కడ పెడతావు? ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. వేడికి, ఉక్కకు కొన్ని రకాల ప్లాస్టిక్ జిగురు జిగురుగా అవుతుంది. అద్దె గదిలో ఇద్దరి మధ్య ఒక అలమర. ఇల్లు మారిన ప్రతిసారీ పెట్టెలన్నీ మోయాలి. అవసరమైతే అమ్ముకోవచ్చుగా అంటారు. కొత్త రూపం వస్తే పాతదాని ధర పడిపోవచ్చు. ఇది భూమి కాదు, బంగారమూ కాదు. ఇష్టమని కొనుక్కో, ఆస్తి అని మాత్రం కొనకు.

పెద్దలకూ ఒక మాట

ఇక మనబోటి పెద్దలం. పిల్లవాడి పన్నెండు వేలకు నవ్వే ముందు మన లెక్కలు చూసుకోవాలి. పక్కవాడు కొన్నాడని ట్రాక్టరు కొని అమ్ముకున్నవాళ్ళు మనలో ఉన్నారు. పెళ్ళికి వెయ్యిమందికి భోజనాలు పెట్టి పదేళ్ళు వడ్డీ కట్టినవాళ్ళున్నారు. నావి మూడు బోర్లు. వాటికెవరూ నవ్వలేదు. ఎందుకంటే అందరం అవే చేస్తున్నాం. పిల్లవాడి పిచ్చి మనకు కొత్త, మన పిచ్చి మనకు పాత. తేడా అంతే.

నవ్వితే ఏమవుతుంది? వాడు పెట్టె మూసుకుంటాడు. ఇకమీదట ధర చెప్పడు, అడగడు. అప్పు చేసినా మనకు తెలియదు. మా వాడు అంత నవ్వు విన్నాక కూడా నా మంచం దగ్గరకు వచ్చాడంటే అది మా అదృష్టం. అందరి పిల్లలూ రారు.

మర్నాడు పొద్దున వాడూ నేనూ ఒక నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాం. ఒక పేజీలో వాడి జీతం, గది అద్దె, ఇంటికి పంపేది, బొమ్మలు. ఎదుటి పేజీలో నా బోర్లు - ఏ ఏడాది, ఎన్ని అడుగులు, ఎంత ఖర్చు. గొలుసు కూడా రాశాను. అంతదాకా ఆ లెక్క నేనెక్కడా రాయలేదు. వాడు రెండు పేజీలూ చాలాసేపు చూసి, తన పేజీ చించి జేబులో పెట్టుకున్నాడు.

నెలాఖరు గడిచిపోయింది. ఆర్డరు పెట్టాడో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు ఆ గొలుసు తిరిగి చేయించాక వస్తుంది. ఈ ఏడు మామిడి కాపు నిలబడితే ముందు ఆ పని చేస్తాను.